ఇల్లు చూడ్డానికి వచ్చినవారు

ఆ ఆదివారం ఉదయం సూర్యకుమారి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భర్త స్కూటరు వెనక కూర్చుని కాశీబుగ్గ నుంచి పూండి వెళ్ళాలి. అమ్మకానికి ఉన్న ఇల్లొకటి చూడాలి. మధ్యాహ్నం భోజనం వేళకి తిరిగి వచ్చి, నానబెట్టిన పప్పు రుబ్బుకోవాలి. ఇల్లు నచ్చితే ఏం చేయాలో మాత్రం ఆమె అనుకోలేదు. ఇంతవరకు చూసిన ఇళ్ళన్నీ ఏదో ఒక కారణాన చేజారిపోవడమే తప్ప, నచ్చిన తర్వాతి సంగతి ఆమెకి ఎప్పుడూ అనుభవంలోకి రాలేదు.

ఈశ్వరరావు కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమస్తా. పెళ్ళయిన నాటి నుంచీ ఆ భార్యాభర్తలవి అద్దె కొంపలే. టెక్కలిలో ఉన్నప్పుడు ఒక ఇంటావిడ గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు. కొడితే తన వీపు మీద కొట్టినట్టే కేక పెట్టేది. కాశీబుగ్గ వచ్చాక ఒకాయన, కరివేపాకు మొక్క వేస్తే పునాదులు లేచిపోతాయని తన చేత్తోనే పీకేశాడు. ఇప్పుడున్న ఇంటి ఓనరు పరమ సాత్వికుడు. పల్లెత్తు మాట అనడు. చుట్టాలు వచ్చి రెండో పూట కూడా ఉంటే, మెల్లగా మేడ దిగి వచ్చి నీళ్ళ మోటారు కట్టేసి వెళ్ళిపోతాడు.

సూర్యకుమారికి మేడల మీద మోజు లేదు. ఎవర్నీ అడక్కుండా ఒక మల్లెతీగ పాతుకోవాలి, అది పందిరెక్కేదాకా తను అక్కడే ఉండాలి. అంతే ఆమె కోరిక. ఇల్లు మారిన ప్రతిసారీ, సామాను లారీకి ఎక్కాక, పెరట్లో వదిలేసిన మొక్కల దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేది. "ఏటే, లారీవోడు కేకలేత్తన్నాడు" అని ఈశ్వరరావు విసుక్కునేవాడు గానీ, ఆయన కూడా లారీ పక్కన నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్న సందర్భాలు ఉన్నాయి.

పూండిలో ఇల్లుందని చెప్పినవాడు దానయ్య. కాశీబుగ్గ నుంచి సముద్రం దాకా ఇళ్ళ బేరాలన్నీ అతనివే, పెళ్ళి సంబంధాలూ అతనివే. రెండింటికీ అతని దగ్గర ఒకటే మాట ఉంది. "ఇల్లయినా పిల్లయినా సూపించీదాకానే నా పని. తరవాత కాపరం సేసుకునీది మీరు" అంటాడు. ముందురోజు రాత్రి ఈశ్వరరావుకి ఫోన్ చేసి, "పదింటికి వచ్చీండి బావా. టేసను దాటి సముద్రం రోడ్డు తిరిగితే రెండిళ్ళు ఆనుకుని ఉంతాయి. ఆకుపచ్చ గేటు ఇల్లు. నాను నిమ్మాడలో ఒక పని సూసుకుని అట్నించటే వచ్చీత్తాను" అని చెప్పాడు.

ఆకుపచ్చ గేటు ఇల్లు రమేష్ అనే ఆయనది. ఆయన ఎప్పుడో విశాఖపట్నంలో స్థిరపడిపోయాడు. ఆ గేటుకి ఒకప్పుడు ఆకుపచ్చ రంగు ఉన్న మాట నిజమే. సముద్రపు గాలి దాన్ని ఎప్పుడో నాకేసింది. ఇంతలో దాన్ని ఆనుకుని ఉన్న ఇంటి యజమాని వైకుంఠరావు, సరిగ్గా ముందురోజు సాయంత్రం, తన గేటుకి నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేయించాడు. ఎందుకంటే ఆయనకి కూడా దానయ్య ఫోన్ చేశాడు. "మావా, రేపు పదింటికి నీ ఇల్లు సూడ్డానికి వత్తన్నారు" అన్నాడు.

వైకుంఠరావు ఇల్లు అమ్మకానికి లేదు. ఆయనకి పెళ్ళికెదిగి, పెళ్ళివయసు దాటబోతున్న కొడుకు ఉన్నాడు. పిల్లనిచ్చే ముందు ఆడపెళ్ళివారు వచ్చి మగపిల్లవాడి ఇల్లు, వాకిలి చూసి వెళ్ళడం మామూలే కదా. దాన్ని కూడా 'ఇల్లు చూడ్డం' అనే అంటారు.

ఈశ్వరరావు స్కూటరు ఆపి, గేటు తోశాడు. అరచెయ్యి ఆకుపచ్చగా అయిపోయింది.

"రండి బావగారూ, రండి! సెల్లెమ్మా, రండి! అయ్యో, రంగు అంటుకుందేటి? ఆరనేదింకా. ఒరే కార్తికేయా, బేగి కిరసనాయిలు అట్రా!" అంటూ వైకుంఠరావు పంచె సవరించుకుంటూ పరుగున వచ్చాడు.

తనని బావగారూ అన్నందుకు ఈశ్వరరావు ఆశ్చర్యపోలేదు. ఈ వైపు బస్సు కండక్టరు కూడా టికెట్టు బావా అనే అడుగుతాడు. ఆశ్చర్యపోయింది లోపలికి వెళ్ళాకే. హాల్లో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. బల్ల మీద లడ్డూలు, జంతికలు, ఒలిచిన పనస తొనలు. ఇన్నేళ్ళలో ఇల్లు చూపించినవాళ్ళెవరూ మంచినీళ్ళు కూడా ఇచ్చిన పాపాన పోలేదు. సూర్యకుమారి ఒక తొన నోట్లో వేసుకుని, ఈ ఊరి మనుషులు మంచివాళ్ళని అక్కడికక్కడే తేల్చేసుకుంది.

"దానయ్య వచ్చీలోగా ఇల్లు సూసీండి. మొగమాటం వద్దు. పతి గదీ సూడండి" అన్నాడు వైకుంఠరావు.

చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనుకుంది. ఎర్రటి గచ్చు, చల్లగా ఉంది. వంటింటికి తూర్పున ఒక కిటికీ, పెరటివైపు ఒక కిటికీ. పొయ్యి దగ్గర నిలబడితే నూతి గట్టు, దాని వెనక కొబ్బరి చెట్లు కనిపిస్తున్నాయి. అరుగు ఎత్తు ఆమె నడుముకి సరిగ్గా సరిపోయింది. ఆమె అక్కడ చెయ్యి ఆనించి నిలబడింది. గరిటెలు ఇక్కడ, పోపు డబ్బా అక్కడ, పెరట్లో నూతి పక్కన మల్లెపందిరి. మనసులో సామానంతా సర్దేసుకుని, కాశీబుగ్గ ఓనరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పేసి, అన్నం వండి భర్తకి వడ్డించేసింది కూడా. ఈ ఇల్లు నాకు కావాలి దేవుడా అనుకుంది. ఇంత గట్టిగా ఆమె జీవితంలో ఏదీ కోరుకోలేదు.

"మా ఆవిడ పోయాక ఈ వంటింట్లో ఆడమనిసి అడుగెట్టనేదు సెల్లెమ్మా. మీరే మొదలు" అన్నాడు వెనక నుంచి వైకుంఠరావు.

ఈశ్వరరావు గుమస్తా మనిషి. కరిగిపోయే రకం కాదు. "నీళ్ళెలాగుంతాయండీ?" అని అడిగాడు.

వైకుంఠరావు మొహం వాడిపోయింది. "అందరూ ముందు ఆ మాటే అడుగుతారు. మా ఉద్దానం పేరెత్తితే సాలు, ఈ నీళ్ళకి కిడ్నీ జబ్బులొత్తాయంతారు. కుళాయి నీళ్ళే తాగుతున్నాం బావగారూ. మాకెవులికీ ఏటీ నేదు."

కాఫీ గ్లాసులతో అప్పుడే వచ్చిన కార్తికేయ ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. తల వంచుకుని, "నాకు కిడ్నీలు బాగున్నాయండి" అని చెప్పాడు.

ఈశ్వరరావు కాఫీ అందుకుంటూ, "సంతోసం బాబూ" అన్నాడు. ఇల్లు అమ్మేవాళ్ళ అబ్బాయి కిడ్నీల గురించి అంతకన్నా ఏమనాలో ఆయనకి తోచలేదు.

"ఈ బాబు..." అంది సూర్యకుమారి.

"మా ఒక్కగానొక్కడు. కొబ్బరి తోటా, జీడితోటా ఈడే సూసుకుంతాడు. సుట్ట నేదు, మందు నేదు."

"మరి ఇతనూ ఇక్కడే ఉంతాడా?"

"ఇక్కడే ఉంతాడమ్మా! ఎక్కడికీ పంపను. ఆ సివరి గది ఈడిదే. ఏసీ కూడా పెట్టించినాను."

వైకుంఠరావు అరిటాకులు కోయడానికి పెరట్లోకి వెళ్ళగానే ఈశ్వరరావు భార్య చెవి దగ్గరికి వంగాడు. "ఇంటితోపాటు మనిసినీ అంటగడతన్నారే."

"ఉంటే ఉండనీండి" అంది సూర్యకుమారి, కిటికీలోంచి నూతివైపు చూస్తూ. "బుద్దిమంతుడిలాగే ఉన్నాడు. ఓ గది పోతే పోనాది. వంటిల్లు మనదే గదా."

వైకుంఠరావు తిరిగి వచ్చి, ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి ఏటి సేత్తంది?"

"మా అమ్మాయా? బరంపురంలో నర్సింగు సదువుతోందండి. పేరు బిందు" అన్నాడు ఈశ్వరరావు.

"నర్సింగా? దానయ్య బీయెడ్డన్నాడే. పేరు కూడా ఏదో హిమ అని సెప్పినట్టున్నాడు."

"దానయ్య సెప్పీదాంట్లో సగం తీసీయాలండి."

"నిజమే, నిజమే. అమ్మాయికి ఈ పల్లెటూరు నచ్చుతాదంతారా?"

"ఇలాంటి ఇల్లంటే ఎగిరి గంతేత్తాది" అంది సూర్యకుమారి. వైకుంఠరావు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తన ఇంటిని ఇంతగా ప్రేమించే మనిషి దాన్ని ఎందుకు అమ్ముకుంటున్నాడో పాపం అని ఆమెకి జాలేసింది.

ఈశ్వరరావు అసలు విషయంలోకి దిగాడు. "అంతకుముందు ఎవులైనా సూసారా?"

"దాపరికమెందుకు, శానామందే సూసారు. గాలి ఎక్కువని ఒకలు, ఊరు సిన్నదని ఒకలు. నౌపడ నించొచ్చినోళ్ళయితే అన్నీ మాటాడీసుకుని, ఆకర్న పలాసలో మేడున్నదని అటు పోనారు."

"పాతవేటీ తగాదాలు నేవు గదా? మా అన్నయ్య ఇలాగే నమ్మి దిగిపోనాడండి. అంతా అయ్యాక సూత్తే, అది అప్పటికే ఇంకోడి పేరు మీద ఉంది. ఆడొచ్చి నాదంతే నాదని గుమ్మంలో కూకున్నాడు. కోర్టుకెళ్ళి ఇడిపించుకున్నాం."

వైకుంఠరావు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. మర్యాదస్తుల ఇంట్లో ఇంత జరిగిందా అని ఆయన లోలోపల కంగారుపడ్డాడు. అయినా దాచకుండా చెప్పాడంటే పెద్దమనిషే అనుకుని సర్దుకున్నాడు. "మా దగ్గర అలాంటియ్యేటీ నేవండి. మావోడు తలెత్తి ఎవుల్నీ సూడడు" అన్నాడు.

ఆ జవాబు ప్రశ్నకి ఎలా అతుకుతుందో ఈశ్వరరావుకి అర్థం కాలేదు. అర్థం కాని చోటల్లా ఆగితే పని సాగదనుకుని, "మరి మీరేటి ఆశిత్తన్నారో సెప్తే..." అన్నాడు.

"ఆ మాటెత్తకండి. ఒక్క పైసా వద్దు."

"వద్దా?"

"వద్దు. సాయంత్రమయ్యీసరికి ఈ ఇంట్లో దీపం ఎలగాల. ఇద్దరు మగోళ్ళం ఎదురెదురుగా కూకుని టీవీ సూసి సూసి, ఇల్లంతే ఇరక్తి పుట్టీసింది బావగారూ. నాకింకేటీ అక్కర్నేదు."

ఈశ్వరరావు జీవితంలో ఉచితంగా వచ్చిన వస్తువు ఒక్కటే, జీడిపప్పు కొట్టు వాళ్ళ క్యాలెండరు. ఆయనకి ఒళ్ళు గగుర్పొడిచింది. చుట్టూ గోడలు చూశాడు. గొంతు తగ్గించి, "ఈ ఇంట్లో... ఎవులైనా పోనారా?" అని అడిగాడు.

"మా ఆవిడ పోయింది."

"ఎక్కడ?"

"మీరు కూకున్న కుర్సీలోనే. టీవీ సూత్తా సూత్తా తలొరిగిపోనాది."

ఈశ్వరరావు లేచి నిలబడి, ఇక కూర్చోలేదు. సూర్యకుమారి మాత్రం భర్తవైపు కళ్ళెర్రజేసి చూసింది. ఆ వంటింట్లో దెయ్యముంటే ఉండనీ, ఇద్దరం కలిసి వండుకుంటామన్నంత దూరం ఆమె వెళ్ళిపోయింది. పైగా సాటి ఇల్లాలి దెయ్యం, మేకులు కొట్టొద్దనదు.

"మరయితే మంచిరోజు సూసి గృహప్రవేశం పెట్టీసుకుందాం" అందామె.

"గృహప్రవేశం తరవాత సంగతి గదమ్మా, ముందు ఆ ముచ్చట జరగాల."

"అదే, రిజిస్టరాఫీసులో ఓ పూట పని" అన్నాడు ఈశ్వరరావు.

వైకుంఠరావు మొహం ఎర్రబడింది. "రిజిస్టరాఫీసా? ఒక్కగానొక్కడండి మాకు! సంతకాలతో సరిపెట్టీత్తారా? పందిరి నేదు, బాజాల్నేవు, నలుగురికి బోయినం నేదు, మాకు పరువు నేదేటి?"

"అందరూ అక్కడే సేసుకుంతారండీ."

"మీ వైపు అంతేనేటి?"

"అన్ని వైపులా అంతేనండి. బాజాలు కావాలంతే తరవాత మోయించుకుందాం. ముందు అక్కడ సంతకాలవకపోతే నాకు నిద్దర పట్టదు."

వాదన ముదిరేదే. కానీ వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. కార్తికేయ ఉప్మా పెట్టబోయి గిన్నె అంటించేశాడు. సూర్యకుమారి మరి ఆగలేదు. కొంగు బిగించి లోపలికి వెళ్ళి, "తప్పుకో బాబూ" అని గరిటె లాక్కుంది. జీడిపప్పు కావాలంటే బీరువాలో ఉందన్నాడు వైకుంఠరావు. బొడ్లోంచి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెడుతూ, "మా ఆవిడయ్యి. ఎలాగూ మీ ఇంటి ఆడమనిసి సేతిలోకి రావాల్సినయ్యే" అన్నాడు. సూర్యకుమారి ఆ గుత్తిని నడుముకి దోపుకుంది. దాని బరువు తగలగానే ఆమెకి ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి నెట్టేసింది.

హాల్లో వైకుంఠరావు తమలపాకులు, కొబ్బరికాయ, రవికె గుడ్డ ఉన్న తాంబూలం పళ్ళెం తెచ్చి ఈశ్వరరావు చేతుల్లో పెట్టాడు. "రిజిస్టరాఫీసు మాట మళ్ళీ మాటాడుకుందాం. ముందిది అందుకోండి. మాట ఖాయం" అన్నాడు. ఈశ్వరరావు ఒక ఆకుపచ్చ చేత్తో, ఒక మామూలు చేత్తో పళ్ళెం అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది.

"మావా! నిమ్మాడోళ్ళని తీసుకొచ్చీసినాను. పెళ్ళికూతురి అమ్మా నాన్నా!" అంటూ దానయ్య గుమ్మం ఎక్కాడు. వెనకే బరువైన పట్టుచీరలో ప్రసన్నలక్ష్మి, ఆమె భర్త అప్పన్న. అప్పన్న మాట్లాడడు. వాళ్ళింట్లో ఆ పని ప్రసన్నలక్ష్మిది.

దానయ్య హాల్లో ఈశ్వరరావుని చూశాడు. ఆయన చేతిలో తాంబూలం చూశాడు. కిటికీలోంచి పక్కింటి తలుపుకి ఉన్న తాళం చూశాడు. ఆ తాళం చెవి తన జేబులోనే ఉందని గుర్తొచ్చి, నోట్లోని కిళ్ళీ గుటుక్కున మింగేశాడు.

ప్రసన్నలక్ష్మి చూపు తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. కొంగు బిగించి, నడుముకి తాళాలు దోపి, గరిటె పట్టుకుని, ఇల్లంతా తనదే అన్నట్టు నిలబడిన ఆడమనిషి కనిపించింది. "దానయ్యా, ఆడదిక్కు నేని ఇల్లన్నావు. ఈవిడెవులు?" అంది. ఆ 'ఎవులు' అన్నమాటలో చాలా అనుమానాలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి నిజమైనా ఆ సంబంధం నిలబడదు.

వైకుంఠరావు ఒకరి తర్వాత ఒకరిని చూసి, మెల్లమెల్లగా అంతా అర్థమై, కుర్చీ వీపు పట్టుకున్నాడు. కార్తికేయ చేతిలో ఉప్మా ప్లేటు అలాగే ఉండిపోయింది.

సూర్యకుమారికి కూడా అర్థమైంది. పైసా వద్దన్న మాట, కిడ్నీల మాట, అమ్మాయి మాట, అన్నీ ఒకేసారి వచ్చి మీదపడ్డాయి. ఈ ఇల్లు తనది కాదు. ఎంత డబ్బు పోసినా కాదు. ఈ తూర్పు కిటికీ ముందు రేపు ఎవరో చిన్నపిల్ల నిలబడుతుంది. ఇన్నేళ్ళూ వదిలి వచ్చిన పెరళ్ళన్నిటికన్నా, ఒక గంట మాత్రమే తనదైన ఈ వంటిల్లు ఆమెకి ఎక్కువ నొప్పి పెట్టింది. కాని ఎదురుగా వైకుంఠరావు మొహం ఉంది. గచ్చు కడుక్కుని, గేటుకి రంగు వేయించుకుని, లడ్డూలు పేర్చుకుని కూర్చున్న మనిషి మొహం.

"పక్కింటోళ్ళమమ్మా" అంది సూర్యకుమారి. "మీరొత్తన్నారు, వండీవోళ్ళు నేరని అన్నయ్య కబురెట్టినాడు. ఇదిగో, తాళాలు కూడా నా మొకానే పడీసినాడు." గుత్తి తీసి వైకుంఠరావు చేతిలో పెట్టేసింది. తీస్తుంటే నడుము దగ్గర వెలితిగా అనిపించింది.

ఈశ్వరరావు కూడా చురుకైనవాడే. పళ్ళెం తీసుకెళ్ళి అప్పన్న చేతుల్లో పెట్టేసి, "మీ కోసమే మోత్తన్నాను. సేతులు లాగీత్తన్నాయి" అన్నాడు.

ఉప్మా అందరికీ నచ్చింది. ఇల్లు నచ్చింది, అబ్బాయి తలెత్తకపోవడం నచ్చింది. ప్రసన్నలక్ష్మి చెయ్యి కడుక్కుంటూ, "పిల్లకి అత్త నేదని నా బెంగ. పక్కన మీలాంటి మనిసుంతే ఇంకేటి కావాల? అయితే వదినా, మీ ఇల్లూ ఓసారి సూసి ఎల్తాం. ఇరుగు పొరుగు సూడకుండా పిల్లనెలాగిత్తాం?" అంది. అంతలో ఆమె పిట్టగోడ మీంచి తొంగి చూసింది. "తాళమేసుంది. గడ్డి కూడా మొలిసీసిందేటి?"

"గడ్డి కాదు, గోంగూర" అంది సూర్యకుమారి.

"అక్కా, నిన్న నా దగ్గర దాసమన్నావు గదా" అంటూ దానయ్య తాళం చెవి ఇచ్చాడు.

తను ఎప్పుడూ చూడని ఇంటిని తనదని చూపించడం ఎలాగో సూర్యకుమారికి తెలియదు. తాళం తుప్పు పట్టి ఒక పట్టాన తిరగలేదు. "గాలికి ఇలాగే బిగుసుకుపోతాది" అని భుజంతో తలుపు గుద్దింది. తెరుచుకుంది. లోపల కొబ్బరి పీచు గుట్ట, మూలన విరిగిన కుర్చీ. తిత్లీ తుఫానుకి లేచిపోయిన పెంకుల చోట రేకులు.

"ఇదేటి గది?" అన్నాడు ఈశ్వరరావు, నిజంగానే తెలుసుకుందామని.

"మీ గదే! మరిసిపోనారా?" అంది సూర్యకుమారి. "బాగు సేయిత్తన్నాం వదినా, సామానంతా వేరే సోట పెట్టీసినాం. ఇదిగో, ఇది వంటిల్లు" అని ఒక తలుపు తీసింది. అది స్నానాల గది. "నీళ్ళకి దగ్గరని ఇటు మారుద్దామనుకుంతన్నాం" అని మళ్ళీ మూసేసింది. దానయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"దేవుడి గదేది?"

సూర్యకుమారి ఏదో ఒకవైపు చెయ్యి చూపించేసింది. అక్కడ గోడలో తూర్పు ముఖంగా చిన్న గూడు ఉంది. లోపల మసి ఉంది. ఎవరో ఎన్నో ఏళ్ళు అక్కడ దీపం పెట్టారు. ఆమె ఆ మసిని వేలితో తాకింది. "ఇదే. మా దేవుడి గూడు" అంది నెమ్మదిగా.

పెరటి తలుపు ఆమె వెతకకుండానే దొరికింది. బయట తుఫానుకి కూలిన జీడిమామిడి చెట్టొకటి, సగం వేళ్ళు పైకి లేచి, నేల మీద పడుకునే మళ్ళీ చిగిర్చి, పళ్ళు కాసింది. ఎర్రటి పళ్ళు మోకాలి ఎత్తులో వేలాడుతున్నాయి. ప్రసన్నలక్ష్మి ముచ్చటపడి, "పడిపోయినదాన్ని కొట్టీకుండా ఉంచుకున్నారే" అంది.

"ఎలా కొడతాం వదినా? మా సెట్టు గదా" అంది సూర్యకుమారి. అప్పటికి మా గది, మా గూడు, మా చెట్టు అని ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు. మొదటిది అబద్ధంగానే అంది. తర్వాత్తర్వాత ఆ మాట నోట్లో మెత్తబడింది. ఆ మొద్దు మీద కూర్చుని, పక్కన పిట్టగోడ దగ్గర ఖాళీ జాగా చూసింది. అక్కడ పొద్దుటెండ పడుతుంది. మల్లెకి ఆ ఎండ చాలు.

నిమ్మాడవాళ్ళు సంబంధం ఖాయం చేసుకుని వెళ్ళారు. కారు కదిలేదాకా ఆగి, వైకుంఠరావు పిట్టగోడ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు. "సెల్లెమ్మా, రిజిస్టరాఫీసు మాట ఎందుకొచ్చిందో నాకిప్పుడర్దమైంది" అన్నాడు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, మిగిలిన లడ్డూలన్నీ పట్టుకొచ్చి గోడ మీద పెట్టాడు.

ఈశ్వరరావు రేకులవైపు చూస్తూ ఎన్ని మారిస్తే సరిపోతాయో లెక్క కట్టుకుంటున్నాడు. సూర్యకుమారి ఎక్కడో చీపురు సంపాదించింది. కొబ్బరి పీచు బయటికి తోస్తోంది. దానయ్య ఊపిరి పీల్చుకుని, చెమట తుడుచుకుని, మళ్ళీ వ్యాపారంలోకి వచ్చాడు.

"నటించింది సాలు గానీ అక్కా, ఇప్పుడు నిజం సెప్పు. ఇల్లు నచ్చిందా?"

సూర్యకుమారి చీపురు ఆపి, కోపంగా చూసింది. "నచ్చడమేటి దానయ్యా? మా ఇల్లు మాకు నచ్చదేటి?"

దానయ్య పెరట్లోకి వెళ్ళి, విశాఖపట్నంలో ఉన్న రమేష్‌కి ఫోన్ చేసి, బేరం కుదిరిపోయిందని చెప్పాడు. ధర ఎంతో ఇంతవరకు ఎవరూ అడగలేదన్న సంగతి ఈశ్వరరావుకి అప్పుడు గుర్తొచ్చింది.